ట్రక్ ఇంజన్‌కి సూపర్‌చార్జర్ పెట్టించాలా, టర్బోనా?

రెండూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి కూరి పవర్ పెంచే పంపులే. ఏది ఎవరికో ముందే చెప్పేస్తాను, వివరాలు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే ఇంజన్) పెట్రోల్ ట్రక్ ఉండి, అది బాగానే నడుస్తూ, ఇంకాస్త దమ్ము ఉంటే బాగుండు అనిపిస్తుంటే సూపర్‌చార్జర్ పెట్టించుకోండి. బండి ఇంకా కొనలేదు, బరువైన ట్రైలర్ లాగాలి, వేసవిలో కొలరాడో కొండలెక్కాలి అంటే మాత్రం కంపెనీయే టర్బో పెట్టి అమ్మే ట్రక్ కొనుక్కోండి. టర్బో లేకుండా వచ్చిన బండికి బయట షాపులో టర్బో బిగించుకోవడమనే మూడో దారి కూడా ఉంది, అందులో మజా చాలా ఉంది, కానీ అది పాత ఇంజన్ మీద ప్రయోగం చేసుకోగలిగి, బండి కిందకి దూరి రెంచి తిప్పే ఓపిక ఉన్నవాళ్ళ దారి. సోమవారం పొద్దున్నే అదే బండిలో ఆఫీసుకి వెళ్ళాల్సినవాళ్ళది కాదు.

ఇదంతా అమెరికాలో అమ్మే పెట్రోల్ పికప్ ట్రక్కుల గురించి. ఊళ్ళో ఉన్నప్పుడు టాటా లారీల మీద టర్బో అని పెద్ద అక్షరాలు చూస్తూ పెరిగాం, డీజిల్ లారీకి టర్బో అన్నది ఎప్పుడో తేలిపోయిన విషయం, అక్కడ ఎంచుకోవడానికేమీ లేదు. పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్పులు చేయకూడదని మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి హైదరాబాదులో ఎవరైనా ఇది చదివి ఉత్సాహపడితే ముందు ఆ సెక్షన్ చూసుకోండి. టెక్సస్‌లో పరిస్థితి వేరు. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ వైపు మనవాళ్ళ ఇళ్ళ ముందు ఎఫ్-150లు, సిల్వరాడోలు, టండ్రాలు బాగానే కనిపిస్తాయి. పడవ కొన్నవాళ్ళున్నారు, ఆర్‌వీ (ఇల్లులాంటి) ట్రైలర్ కొన్నవాళ్ళున్నారు, ఎవరింట్లోనైనా ఈ చర్చ మొదలైతే భోజనాలు చల్లారిపోయినా తెగదు.

పంపుని ఎవరు తిప్పుతారు

రెండూ చేసే పని ఒకటే, ఇంజన్‌లోకి మామూలు కంటే ఎక్కువ గాలి కూరడం. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది. దాని మీద ఇంకో 7 పీఎస్‌ఐ బూస్ట్, అంటే పంపు కలిపే అదనపు ఒత్తిడి, ఇస్తే లెక్క ప్రకారం దాదాపు ఒకటిన్నర రెట్ల గాలి లోపలికి వెళ్ళాలి, కానీ గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది, అందుకని లెక్కలో ఉన్నదంతా చేతికి రాదు. వచ్చినంత గాలికి సరిపడా పెట్రోల్ కలిపి మండిస్తే అదే అదనపు పవర్.

తేడా అంతా ఆ గాలిని నొక్కే పంపుని ఎవరు తిప్పుతున్నారన్న దగ్గరే. సూపర్‌చార్జర్‌ని ఇంజన్ క్రాంకే (పిస్టన్లు తిప్పే ఇరుసు) బెల్టుతో తిప్పుతుంది, ఆల్టర్నేటర్‌ని తిప్పినట్టే. టర్బోని సైలెన్సర్ వైపు వెళ్ళిపోయే పొగ తిప్పుతుంది. పొగలో వేడి, ఒత్తిడి ఎలాగూ బయటకి పోయేవే కాబట్టి టర్బో చాలామటుకు వృథాని వాడుకుంటుంది. పూర్తిగా ఉచితం అని కొంతమంది అంటారు కానీ అది నిజం కాదు, పొగ దారికి టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) అడ్డం పడితే పిస్టన్ ఆ ఒత్తిడికి ఎదురు నెట్టాలి. అయినా సూపర్‌చార్జర్ తినేదాంతో పోలిస్తే అది తక్కువ. డాడ్జ్ హెల్‌క్యాట్ 6.2 లీటర్ ఇంజన్‌లో ఫుల్ స్పీడ్ మీద సూపర్‌చార్జర్‌ని తిప్పడానికే దాదాపు 80 హార్స్‌పవర్ పోతుంది, అంటే ఒక చిన్న కారు ఇంజన్ మొత్తం ఆ బెల్టుకే సరి.

మరి అంత తినేదాన్ని ఎందుకు పెట్టుకోవాలి అంటే, పెడల్ తొక్కీ తొక్కగానే పని చేస్తుంది కాబట్టి. బెల్టు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, పొగ పెరిగేదాకా ఆగక్కర్లేదు. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు, హైవే మీదకి ఎక్కేటప్పుడు బండి కాలితో పాటే కదులుతుంది. మెల్లగా నడిపేటప్పుడు ఆ 80 హార్స్‌పవర్ ఏమీ పోదు, మంచి కిట్టుల్లో బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది, పెడల్ మీద బరువు లేనప్పుడు అది తెరుచుకుని గాలిని సూపర్‌చార్జర్ చుట్టూ తిప్పేస్తుంది, అప్పుడు పంపు ఉత్తినే తిరుగుతుంటుంది. అందుకే నింపాదిగా నడిపితే మైలేజీ మరీ అంత పడిపోదు, కుడికాలు బరువైతేనే బిల్లు వస్తుంది.

సూపర్‌చార్జర్ అనగానే ఒకటే వస్తువు అనుకోకండి

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి, ఈ తేడా తెలియకుండా కిట్టు కొంటే తర్వాత బాధపడతారు.

మొదటిది రూట్స్ రకం. 1860లో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములిద్దరు పేటెంట్ తీసుకున్న గాలి పంపు ఇది, ఇంజన్ల కోసం పుట్టలేదు, కొలిమికి తిత్తి ఊదినట్టు ఇనుము కరిగించే పెద్ద కొలుములకి గాలి ఊదింది. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్ల మీద ఇదే పంపు ఉండేది, సిలిండర్‌కి 71 క్యూబిక్ అంగుళాల చొప్పున ఆరు సిలిండర్లు కాబట్టి దాన్ని 6-71 అనేవాళ్ళు. లారీల మీద నుంచి ఊడదీసిన ఆ బ్లోయర్లనే డ్రాగ్ రేసులవాళ్ళు పెట్రోల్ వీ8ల మీద కూర్చోబెట్టారు. బానెట్ చీల్చుకుని పైకి లేచి ఉండే ఆ బ్లోయర్ బొమ్మ మీరూ చూసే ఉంటారు. ఇప్పటి రూట్స్ రకం చాలా మెరుగుపడింది, ఈటన్ కంపెనీ టీవీఎస్ రోటార్లు వచ్చాక వేడి బాగా తగ్గింది, మ్యాగ్నసన్, ఎడెల్‌బ్రాక్ కిట్టుల్లో ఉండేవి అవే.

రెండోది ట్విన్ స్క్రూ, విప్పుల్, కెన్నీ బెల్ కంపెనీలు చేసేవి. రూట్స్ గాలిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తోస్తుంది, ట్విన్ స్క్రూ లోపలే నొక్కి బయటకి పంపుతుంది, అందుకని ఎక్కువ బూస్ట్ దగ్గర ఇది కాస్త చల్లగా పని చేస్తుంది. ట్రక్కు వరకు ఈ రెండింట్లో ఏది పెట్టినా బాగుంటుంది, తక్కువ ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే లాగుతుంది.

మూడోది సెంట్రిఫ్యూగల్, ప్రోచార్జర్, వోర్టెక్ పేర్లు వినుంటారు. చూడ్డానికి టర్బోలాగే ఉంటుంది కానీ బెల్టుతో తిరుగుతుంది. ధర కొంచెం తక్కువ, బిగించడం తేలిక, ఇంజన్ పైన ఇన్‌టేక్ (సిలిండర్లకి గాలి పంపే గొట్టాలు) విప్పక్కర్లేదు, గాలి కూడా చల్లగా ఇస్తుంది. కానీ దీని బూస్ట్ ఆర్‌పీఎమ్‌తో పాటు పెరుగుతుంది, 2000 దగ్గర దాదాపు ఏమీ ఉండదు, 6000 దగ్గర మొత్తం వచ్చేస్తుంది. మస్టాంగ్‌కి అది బ్రహ్మాండం. మూడు టన్నుల ట్రక్కుకి అదేం పని చేస్తుంది చెప్పండి? ట్రక్ బతుకంతా 1500 నుంచి 3500 మధ్యలోనే గడుస్తుంది. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద పెద్ద నంబరు చూపించి షాపువాళ్ళు దీన్ని అమ్మజూస్తారు, ఆ నంబరు ఏ ఆర్‌పీఎమ్ దగ్గర వచ్చిందో అడగండి. ట్రక్కుకి సెంట్రిఫ్యూగల్ వద్దనే నా గట్టి అభిప్రాయం.

టర్బో బలం ఎత్తు మీద తెలుస్తుంది

1918లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్, లిబర్టీ అనే విమానం ఇంజన్‌ని ఒక ట్రక్ మీద బిగించి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం దాకా, అంటే 14,000 అడుగుల పైకి తీసుకెళ్ళాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజన్ పైకి వెళ్ళాక 230 దగ్గర చతికిలబడింది. టర్బో పెట్టి మళ్ళీ తిప్పితే అంత ఎత్తులోనూ 356 ఇచ్చింది. నూరేళ్ళు దాటినా టర్బోని సమర్థించడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎందుకంటే పైకి వెళ్ళే కొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది, అంటే ఊళ్ళో అడుగు పెట్టేసరికే ఆరో వంతు పోయినట్టు, అక్కడి నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గరికి చేరేసరికి 11,000 అడుగులు దాటుతారు, మూడో వంతు మాయం. వెనక ట్రైలర్ ఉంటే ఇంజన్ అరుస్తుందే గానీ బండి కదలదు. సూపర్‌చార్జర్ కూడా ఇక్కడ పూర్తిగా ఆదుకోలేదు, దాని వేగం పుల్లీ (బెల్టు పట్టే చక్రం) సైజుతో కట్టేసి ఉంటుంది, పలచటి గాలినే అదే లెక్కన నొక్కుతుంది. టర్బోకి ఆ కట్టు లేదు. కంప్యూటర్ వేస్ట్‌గేట్‌ని (పొగని టర్బో పక్క నుంచి వదిలేసే తలుపు) మూసి ఉంచితే టర్బో ఇంకా వేగంగా తిరిగి, తగ్గిన గాలిని చాలావరకు పూడుస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగడం దానికి మామూలే.

ల్యాగ్, అంటే తొక్కాక టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యం, దాని సంగతేమిటి అంటారా? పాతకాలంలో ఒక పెద్ద టర్బో పెట్టినప్పుడు అది నిజంగానే ఇబ్బంది. ఇప్పుడు కంపెనీలు చిన్న టర్బోలు రెండు పెడుతున్నాయి. ఫోర్డ్ 2011 మోడల్ ఎఫ్-150లో 3.5 లీటర్ ఎకోబూస్ట్ వీ6 తెచ్చినప్పుడు వీ8 అభిమానులు నొసలు చిట్లించారు, కానీ అది 365 హార్స్‌పవర్, 420 పౌండ్-ఫీట్ టార్క్ (తిప్పే బలం) ఇచ్చింది, పైగా ఆ టార్క్‌లో 90 శాతం దాకా 1700 ఆర్‌పీఎమ్ నుంచే అందుతుందని ఫోర్డ్ చెప్పింది. ట్రైలర్ లాగేవాడికి కావలసింది అదే. తర్వాత ఒక్కొక్కరూ ఆ దారే పట్టారు. టయోటా 2022 టండ్రాలో 5.7 వీ8ని తీసేసి రెండు టర్బోల వీ6 పెట్టింది, షెవ్రొలే సిల్వరాడోలో 2.7 లీటర్ నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్ అమ్ముతోంది, ర్యామ్ మూడు లీటర్ల ఆరు సిలిండర్ల హరికేన్‌కి రెండు టర్బోలు తగిలించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2024లో టయోటా సుమారు లక్ష టండ్రా, లెక్సస్ ఎల్‌ఎక్స్ బండ్లని వెనక్కి పిలిచింది, అది విని టర్బో పెడితే ఇంజన్ ఇంతేగా అని తేల్చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ తప్పు టర్బోది కాదు, ఇంజన్ తయారీలో లోహపు రజను లోపల మిగిలిపోయి బేరింగులు పోయే ప్రమాదం వచ్చింది. టర్బోకి సొంత జబ్బులున్నాయి, అవి వేరు. పెట్రోల్ పొగ ఫుల్ లోడ్ మీద 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఆ వేడికి మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటకొచ్చే గొట్టాలు) బోల్టులు తెగుతాయి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని శబ్దం వచ్చి ఇంజన్ వేడెక్కాక ఆగిపోతే ముందు అనుమానించాల్సింది అదే. టర్బో షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది కాబట్టి ఆయిల్ మార్చడంలో బద్ధకం పనికిరాదు, డిస్‌ప్లేలో చెప్పినదాని కంటే ముందే మార్చేయండి. ట్రైలర్‌తో కొండెక్కి ఆగితే వెంటనే తాళం తీసేయకుండా ఒకట్రెండు నిమిషాలు ఇంజన్ అలా తిరగనివ్వండి.

కంపెనీలే రెండూ పక్కపక్కన పెట్టి అమ్మాయి

ఎడారుల్లో పరిగెత్తడానికి చేసిన ఫోర్డ్ రాప్టర్‌లో 3.5 లీటర్ ట్విన్ టర్బో వీ6 ఉంటుంది, 450 హార్స్‌పవర్. అదే రాప్టర్ ఆర్ అనే మోడల్‌లో 5.2 లీటర్ సూపర్‌చార్జర్ వీ8, 2023లో 700తో వచ్చింది. ర్యామ్ 2021లో టీఆర్‌ఎక్స్ తెచ్చింది, 6.2 సూపర్‌చార్జర్ వీ8, 702 హార్స్‌పవర్. దాని తర్వాత 2025లో వచ్చిన ఆర్‌హెచ్‌ఓలో హరికేన్ ట్విన్ టర్బో, 540. కాగితం మీద సూపర్‌చార్జర్‌దే పైచేయి. కానీ టీఆర్‌ఎక్స్ ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) మైలేజీ గాలనుకి 12 మైళ్ళు. టర్బో వీ6 ఉన్న మామూలు ఎఫ్-150 టూవీల్ డ్రైవ్‌కి అదే లెక్కలో 20 వస్తుంది. ఎడారిలో ఎగిరే బండినీ కాస్ట్‌కోకి వెళ్ళే బండినీ పోల్చడం పూర్తిగా న్యాయం కాదని నాకూ తెలుసు, పెట్రోల్ బంకులో డబ్బు కట్టేది మాత్రం మీరే.

టర్బో ఎకానమీ కూడా నెమ్మదిగా నడిపినప్పుడే సుమండీ. ఏడెనిమిది వేల పౌండ్ల ట్రైలర్ కట్టి ఎదురుగాలిలో అమరిల్లో వైపు పోతే ఎకోబూస్ట్ కూడా వీ8లాగే తాగుతుంది, టర్బోని, క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడి నుంచి కాపాడుకోవడానికి కంప్యూటర్ అదనంగా పెట్రోల్ పోస్తుంది. మైలేజీ ఒక్కటే చూసుకుని టర్బో ట్రక్ కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఉన్న బండికి పెట్టించాలంటే సూపర్‌చార్జర్ అని ఎందుకంటున్నాను

కిట్టు మొత్తం ఇంజన్ పైనే కూర్చుంటుంది కాబట్టి. ఇన్‌టేక్ తీసి దాని చోట సూపర్‌చార్జర్, ముందు చిన్న రేడియేటర్, దానికో నీళ్ళ పంపు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాంలో మార్పు), అంతే. సైలెన్సర్ పైపులు ముట్టుకోరు, ఆయిల్ పైపు కోసం ఎక్కడా రంధ్రం చేయరు. టర్బో అయితే రెండు పక్కలా మ్యానిఫోల్డులు మార్చాలి, ఎర్రగా కాలే పైపులు వైర్ల పక్క నుంచి, బ్రేక్ లైన్ల పక్క నుంచి లాగాలి, టర్బోకి ఆయిల్ వెళ్ళే దారి, తిరిగి వచ్చే దారి వెయ్యాలి. ఈ తిరిగొచ్చే పైపు కిందకి వాలుగా లేకపోతే ఆయిల్ నిలిచిపోయి సీలు దాటి పొగలోకి కారుతుంది, వెనక తెల్లటి మబ్బు. ఇవన్నీ చేయగలిగిన షాపులున్నాయి, చేయగలమని చెప్పే షాపులు అంతకంటే ఎక్కువున్నాయి.

డబ్బు సంగతి. పేరున్న సూపర్‌చార్జర్ కిట్టుకే ఏడెనిమిది వేల డాలర్ల నుంచి పది వేల దాకా అవుతుంది, బిగింపు కూలి వేరే. ఫోర్డ్ 5.0 వీ8 ఉన్నవాళ్ళకి ఒక సుళువుంది, ఫోర్డ్ పర్ఫార్మెన్స్ వాళ్ళే విప్పుల్ సూపర్‌చార్జర్‌తో ప్యాకేజీ అమ్ముతారు, 400 దగ్గరున్న ఇంజన్ 700కి వెళ్తుంది. ఇలాంటివి డీలర్ దగ్గరే బిగించుకుంటే వచ్చే వారంటీ ఏమిటో అడిగి కాగితం మీద రాయించుకోండి. పాత 5.7 టండ్రాకి కూడా టయోటా టీఆర్‌డీ పేరుతో 504 హార్స్‌పవర్ కిట్టు ఉండేది, అది ఆపేసి చాలాకాలమైంది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్ళకద్దుకుని కొనేవాళ్ళున్నారు.

మూడో దారి అన్నాను కదా, సొంతంగా టర్బో, దానికి అమెరికాలో ఒక ముద్దుల ఇంజన్ ఉంది. 1999 నుంచి 2007 దాకా సిల్వరాడోల్లో వచ్చిన ఎల్‌ఎమ్7, 5.3 లీటర్ ఇనప బ్లాక్. పాత సామాన్ల యార్డులో చవగ్గా దొరుకుతుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందన్న లెక్క) 9.5 మాత్రమే కాబట్టి బూస్ట్ తట్టుకుంటుంది, పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. కుర్రాళ్ళు దానికి ఒక పెద్ద టర్బో తగిలించి ఖరీదైన స్పోర్ట్స్ కార్లని వెనక్కి నెట్టేస్తుంటారు. కానీ దాంతో వచ్చే 4ఎల్60ఈ గేర్‌బాక్స్ ఆ టార్క్‌ని ఎక్కువకాలం మొయ్యలేదు, 4ఎల్80ఈ వెతుక్కోవాలి. చేతిలో రెండో బండి, ఇంట్లో గ్యారేజీ, భార్య అనుమతి ఉంటే నిజంగా ఇంత నేర్పే పని ఇంకోటి లేదు.

ఇంజన్‌ని చంపేది వేడి

పీఎస్‌ఐ ఎంతైనా అది కాదు మనిషి భయపడాల్సింది. గాలి-పెట్రోల్ మిశ్రమం తన టైముకి ముందే భగ్గుమంటే, దాన్నే మన మెకానిక్కులు ఇంజన్ కొట్టుకోవడం అంటారు, అప్పుడు పిస్టన్లు పోతాయి. గాలి వేడెక్కినా, పెట్రోల్ ఆక్టేన్ (అలా ముందే మండకుండా తట్టుకునే గుణం) తగ్గినా, కంప్రెషన్ ఎక్కువున్నా ఇది వస్తుంది. 2018 తర్వాతి ఫోర్డ్ 5.0లో కంప్రెషన్ 12, ఇప్పటి 5.3 సిల్వరాడోలో 11. ఫ్యాక్టరీ టర్బో అయిన మొదటి ఎకోబూస్ట్‌లో 10 ఉంచారు, పిస్టన్ కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లార్చే ఏర్పాటు పెట్టారు. కంపెనీ టర్బో ట్రక్‌కీ మనం తర్వాత బూస్ట్ పెట్టిన ట్రక్‌కీ ఉన్న తేడా ఇదే, ఇంజన్ ఎముకల నుంచి గేర్‌బాక్స్ దాకా అంతా ఆ బరువుకే కట్టి ఉంటుంది.

ఒక స్నేహితుడి గ్యారేజీలో ఇలా పోయిన పిస్టన్ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. పై నుంచి చూస్తే బాగానే ఉంది. పక్కకి తిప్పితే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే సన్నటి గట్టు గోరంత పొడవున విరిగిపోయి, విరిగిన చోట లోహం ఇసక రాయిలా గరుగ్గా ఉంది. ఆ సిలిండర్ స్పార్క్ ప్లగ్ పింగాణీ మీద సన్నటి నల్ల చుక్కలు, వాటి మధ్య తళుక్కుమనే అల్యూమినియం రజను, అంటే పిస్టన్ పైతోలు కరిగి అక్కడ అతుక్కుంది. వేడికి రింగు సాగుతుంది, దాని రెండు కొసలూ ఒకదానికొకటి తగిలాక ఇంకా సాగడానికి చోటు లేకపోతే గట్టుని విరగ్గొడుతుంది. అందుకే ఎక్కువ బూస్ట్ కోసం ఇంజన్ కట్టేవాళ్ళు రింగు గ్యాప్ పెంచుతారు. మామూలు ఇంజన్ విప్పకుండా కిట్టు పెట్టించుకుంటే కిట్టుతో వచ్చిన పుల్లీనే ఉంచండి, ఇంకా చిన్న పుల్లీ వేస్తే ఇంకో 50 వస్తుంది అని ఎవరైనా అంటే వినకండి.

డాలస్ జులై మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గాలి, 15 డిగ్రీల రోజు గాలి కంటే 8 శాతం పలచన. ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజన్ పైన కూర్చున్న సూపర్‌చార్జర్ కింద నుంచి కాగుతూ ఉంటుంది, ఇన్‌టేక్ గాలి వేడి మీటర్ మీద ఎక్కుతూనే కనిపిస్తుంది, సిగ్నల్ దాటాక మొదటిసారి గట్టిగా తొక్కితే పవర్ తగ్గినట్టు మీకే తెలుస్తుంది, ఎందుకంటే కంప్యూటర్ భయపడి స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది. పెద్ద హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్న కిట్టు ఎంచుకోవడం ఇక్కడ అందుకే ముఖ్యం, రంగు, పాలిష్ తర్వాత. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి వేసి, 0.040 అంగుళం దగ్గరుండే గ్యాప్‌ని 0.030 దగ్గరికి తగ్గించాలి, లేకపోతే బూస్ట్‌లో నిప్పురవ్వ ఆరిపోతుంది.

పెట్రోల్ విషయం చాలామంది మర్చిపోతారు. టెక్సస్‌లో ప్రీమియం అంటే 93 ఆక్టేన్. కాలిఫోర్నియా వైపు, కొలరాడో వైపు వెళ్తే 91కే ఆపేస్తారు, కొలరాడో కొండల్లో రెగ్యులర్ అయితే 85. మీ ట్యూన్ 93 కోసం చేయించుకుని అలాగే రోడ్ ట్రిప్‌కి వెళ్తే కొట్టుకోవడం మొదలవుతుంది. ట్యూన్ చేసేవాళ్ళని 91కి ఇంకో ఫైల్ కూడా ఇమ్మనండి, చాలామంది ఇస్తారు.

వారంటీ, ఎమిషన్స్

బయటి పార్టు పెట్టినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయడానికి వీల్లేదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అంటుంది, పాడైంది ఆ పార్టు వల్లేనని కంపెనీ చూపించాలి. బూస్ట్ పెట్టిన ఇంజన్‌లో పిస్టన్ పోతే చూపించడం వాళ్ళకి ఎంతసేపు? ఏసీ, సీట్లు, స్టీరింగ్ వారంటీ మిగులుతుంది, ఇంజన్, గేర్‌బాక్స్ మీద ఆశ పెట్టుకోకండి.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కానీ కాలిన్, డెంటన్, డాలస్, హ్యారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఫెయిల్. కాలిఫోర్నియాలో అయితే కిట్టుకి కార్బ్ (ఆ రాష్ట్రపు వాయు కాలుష్య బోర్డు) ఇచ్చిన ఈవో నంబరు, అంటే అనుమతి నంబరు, ఉండాలి, అది లేకుండా అక్కడి పొగ పరీక్ష స్మాగ్ చెక్ దాటదు. ఉద్యోగం మారి బే ఏరియాకి వెళ్ళే అవకాశం కాస్తయినా ఉంటే ఆ నంబరున్న కిట్టే కొనండి, పేరున్న సూపర్‌చార్జర్ కిట్టులు చాలావాటికి ఉంటుంది, షాపులో వెల్డింగ్ చేసి కట్టిన టర్బోకి ఉండదు.

మరి మీకేది

వీ8 ఉంది, ట్రైలర్ ఎప్పుడో గానీ కట్టరు, వారాంతంలో ఆనందం కావాలి: రూట్స్ లేదా ట్విన్ స్క్రూ, తక్కువ బూస్ట్, పూర్తి కిట్టు. వీ8 ఉంది కానీ నెలకి నాలుగుసార్లు లేక్ టెక్సోమాకి పడవ లాగుతారు: ఏమీ పెట్టించకండి, ఆ పది వేలు టర్బో ట్రక్‌కి మారడానికి దాచండి. ఎంతైనా లాగాలి, దూరాలు పోవాలి అంటే డీజిల్ చూడండి, అక్కడ టర్బో తప్ప వేరే మాటే లేదు. లక్ష మైళ్ళు దాటిన ఇంజన్‌కి కిట్టు పెట్టించాలనుకుంటే ముందు కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు (సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయో లేదో చూసేవి) చేయించండి, ఏ సిలిండరైనా మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే అక్కడితో ఆపేయండి. 5.3 సిల్వరాడోలో సిలిండర్లు మధ్యలో ఆపేసే పద్ధతి ఉంటుంది, దాని లిఫ్టర్లు (వాల్వులని తెరిచే భాగాలు) మామూలుగానే ఇబ్బంది పెడతాయి, వాటి సంగతి చూడకుండా బూస్ట్ జోలికి వెళ్ళొద్దు.

ఎవరో సూపర్‌చార్జర్ పెట్టించి వాడిన ట్రక్ తక్కువకి వస్తోందని కొనబోతుంటే, డైనో కాగితం అడగండి, అందులో గాలి-పెట్రోల్ పాళ్ళు చూపించే గీత ఉండాలి, ఫుల్ బూస్ట్‌లో అది 11.5 దగ్గర నిలకడగా ఉండాలి. పుల్లీ సైజు కిట్టుతో వచ్చిందేనా, ట్యూన్ ఎవరు చేశారు, పాత ఫ్యాక్టరీ పార్టులు అట్టపెట్టెలో ఉన్నాయా అని అడగండి. తర్వాత ఆయన ముందే ఒక ప్లగ్ ఊడదీయించి పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి.